అమ్మకి మాటలు నేర్పడం

డిసెంబర్ 9, సోమవారం

వచ్చింది. వాన వెలిసిన మట్టి రోడ్డు మీదికి తెల్ల బూట్లు వేసుకుని మరీ వచ్చింది నన్యాంజి. అద్దె బోడా మోటార్‌సైకిలు దిగుతూనే ముగలూలా మామయ్యని కౌగిలించుకుంది. తండ్రిని, మోకరిల్లకుండా నిలబడి, ఊరంతా చూస్తుండగా! అరటితోటలోంచి వస్తున్న గొరెట్టి పిన్ని నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకోవడానికో ఏడుపు ఆపుకోవడానికో నాకు తెలీదు.

తర్వాత నా వైపు చెయ్యి చాచింది. "హలో, అసుంప్తా!" ఇంగ్లీషులో. అక్కా లేదు, మరేం లేదు. నాకు నలభై నాలుగు, దానికి ఇరవై ఆరు. డెన్మార్క్‌లో ఏదో ఊళ్ళో ట్రామ్ నడుపుతుందట.

ఈ పిల్ల మా అమ్మ అవుతుందట. రాయడానికే చేతికి రోతగా ఉంది.

మార్చిలో అమ్మ పోయింది. జనవరి పదకొండున ఇంట్లోంచి చావుని వెళ్ళగొట్టే తంతు. ఆ ఉదయం అమ్మ స్థానంలో ఒకర్ని కూర్చోబెడతారు. కడుపున పుట్టిన నేను పనికిరాను, నాది నాన్న గోత్రం. అమ్మ గోత్రపు ఆడపిల్లే కావాలి. మామయ్యకి మిగతా అందరూ మగపిల్లలే. అయినా అందుకు కాదు, ఆసుపత్రి మంచం మీద అమ్మే అంది, "నన్యాంజిని కూర్చోబెట్టండి" అని. మామయ్య, పిన్ని, నేను, ముగ్గురం విన్నాం. జ్వరంలో అందనుకున్నాను నేను. మామయ్య అలా అనుకోలేదు.

ఆ చాప మీద కూర్చున్న క్షణం నుంచీ ఇక ఆమే అమ్మ. ఊరికే పేరుకి కాదు. రోజూ పొద్దున్నే నేను మోకరిల్లి, రాత్రి ఎలా పడుకున్నావమ్మా అని అడగాలి. నా జనన పత్రం మీద తప్ప అన్నిటా ఆమే.

భోజనాలయ్యాక మామయ్య మా అందరి ముందూ తేల్చేశాడు.

"అసుంప్తా, నువ్వు టీచరువి. నెల రోజులుంది. దీనికి నాలుగు మాటలు నేర్పు. ఉపన్యాసాలక్కర్లేదు, ఆ రోజు జనం ముందు నోరు విప్పి బదులు చెప్పగలిగితే చాలు. గుంజలా కూర్చుందనుకో, లేపేసి గొరెట్టిని కూర్చోబెడతా. మూగదాన్ని తల్లిని చేశారని గోత్రమంతా నవ్వితే నేను తలెత్తుకోలేను."

"నన్నడిగావా అన్నయ్యా?" అంది పిన్ని. "ఈ మోకాళ్ళతో నేనా చాప మీద కూర్చుంటే లేపడానికి ట్రాక్టర్ తెప్పించాలి."

అందరూ నవ్వారు. ఆ పిల్ల కూడా నవ్వింది, అర్థం కాకుండానే.

గొరెట్టి పిన్ని అయితే నాకే ఇబ్బందీ లేదు. అమ్మ చెల్లెలు. పుట్టినప్పటి నుంచీ ఎలాగూ అమ్మే. పిలుపు మారదు, ముఖం మారదు.

నేర్పుతానన్నాను మామయ్యతో. నేర్పుతాననే అన్నాను.

డిసెంబర్ 10

మొదటి పాఠం. తూలా, కూర్చో. జ్జాంగు, రా. గెండా, పో. లేతా, తీసుకురా. యాంగువా, తొందరగా. సిరికా, నోర్ముయ్.

"నోర్ముయ్ ఎందుకు మొదటి రోజే?" అంది.

"ఎక్కువ వినబడే మాట కనక."

"థాంక్స్ ఎలా చెప్పాలి?"

"అది తర్వాత."

చేతికి క్యాన్ ఇచ్చి నీళ్ళకి పంపాను. గెండా. వెళ్ళింది. జ్జాంగు. వచ్చింది. యాంగువా అన్నాను, పరిగెత్తబోయి సగం నీళ్ళు ఒలకబోసుకుంది. చేతలతో కలిపితే మాట గట్టిగా నాటుకుంటుంది, పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు నేను చేసేదీ అదే. ఇందులో వేరే ఏమీ లేదు.

డిసెంబర్ 13

వాన. పచ్చి అరటికాయ తొక్క తీస్తుంటే చూడలేకపోయాను. సగం కండ తొక్కతోనే పోతోంది. "కాయ ఒలుస్తున్నావా, చెక్క చెక్కుతున్నావా?" అన్నాను మా భాషలో. అర్థం కాలేదు. అర్థం చెప్పలేదు. మళ్ళీ అన్నాను. మళ్ళీ. సాయంత్రానికి కత్తి పట్టడం కాస్త మారింది.

డిసెంబర్ 16

ఇవాళ మోకరిల్లడం. చాప మీద కాదు, నేల మీద. ప్యాంటు మార్చి లంగా కట్టుకోమన్నాను. రెండు మోకాళ్ళూ ఆనాలి, చేతులు ఒళ్ళో ఉండాలి, కళ్ళు కిందికి. "వసూజె ఒత్యా" అనాలి, రాత్రి ఎలా గడిచిందని. ఆ పైన అయ్యా అనో అమ్మా అనో.

"నా కళ్ళెందుకు దించుకోవాలి?"

"పెద్దవాళ్ళ కళ్ళు నీకెందుకు?"

"మా ఊళ్ళో కళ్ళలోకి చూడకపోతే అబద్ధం చెబుతున్నావంటారు."

"అయితే మీ ఊళ్ళోనే అమ్మవవ్వు."

ఆ మాట ఇంగ్లీషులోనే అన్నాను, అర్థం కావాలని.

కిందున్న మనిషి అడగాల్సినదంతా నేర్పాను. పైన కూర్చున్న మనిషి ఏం చెప్పాలో పాఠంలో ఇంకా రాలేదు. బాగానే పడుకున్నాను తల్లీ అనాలి, నువ్వెలా పడుకున్నావని తిరిగి అడగాలి, పిల్లల గురించి, తోట గురించి అడగాలి, ప్రతి జవాబుకీ గొంతులో "మ్మ్" అనాలి. ఇదంతా తర్వాత. ముందు అడగడం, ఆ తర్వాతే అందుకోవడం. ఏ భాషలోనైనా అంతే కదా.

అంతేనా?

డిసెంబర్ 17

ఇది మోసం కాదు. వరస.

డిసెంబర్ 20, శుక్రవారం

గొడవయింది. కాఫీ గింజలు ఎండబెట్టిన టార్పాలిన్ మీద కోళ్ళు పడ్డాయి. చూస్తూ కూర్చుంది. "ఏం చూస్తున్నావు, కాళ్ళు లేవా?" అని అరిచాను. లేచి కోళ్ళని తోలింది. తోలి వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"నువ్వు నాకు ఒక్క మంచి మాటైనా నేర్పావా?"

"మంచి మాటలు నేర్పాల్సింది మీ నాన్న."

"ఆయన మమ్మల్ని డెన్మార్క్‌లో వదిలి వెళ్ళిపోయేటప్పటికి నాకు నాలుగేళ్ళు."

"అది నా తప్పా?"

"కాదు. ఈ పదవి నేను అడుక్కున్నానా? అదీ కాదు. నాన్న తనంతట తాను నాకు ఫోన్ చేసింది జీవితంలో ఇదొక్కసారే. మీ అమ్మ నన్ను కోరిందట. సరే వస్తానన్నాను. మీ అమ్మ కోసం కాదు, మీ కోసం అంతకన్నా కాదు."

"మరెవరి కోసం?"

వాకిట్లో మామయ్య సైకిలు చక్రానికి గాలి కొడుతున్నాడు. అటు చూసింది.

అంటే దీనికి అమ్మ స్థానం మీద గౌరవమూ లేదు, అమ్మ మీద ప్రేమా లేదు. ఈ మాట మామయ్యకి చెప్పేద్దామా అనుకున్నాను. చెప్పలేదు. చెబితే అసూయ అనుకుంటాడు.

అసూయ కాదు.

డిసెంబర్ 22

పిన్ని అంది, "ఆ పిల్లని తిట్టేటప్పుడు నీ గొంతు గుడి దాకా వినబడుతోందే. ఫాదర్ పూజ ఆపి విన్నాడట." నేనేం తిట్టడం లేదు. ఉచ్చారణ స్పష్టంగా ఉండాలని.

డిసెంబర్ 25

తమ్ముడు లారెన్స్ కంపాలా నుంచి బియ్యం, మాంసం, ఒక పెట్టె సోడాలు పట్టుకొచ్చాడు. వస్తూనే మొదలెట్టాడు. "అక్కా, మనకి మళ్ళీ అమ్మొస్తోంది! ఈసారి ట్రామ్ నడిపే అమ్మ. నన్నూ ఒక రౌండ్ తిప్పుతుందేమో అడుగు."

"నీకంతా ఆటలానే ఉంటుంది."

"ఆట కాదే. పెళ్ళాన్ని తీసుకుని సెలవులకి ఎక్కడికి పోవాలి చెప్పు? ఖాళీ ఇంటికా? నీ దగ్గరికా? నీ దగ్గరికొస్తే పాఠం చెబుతావు."

ఆ పిల్ల వెనకాలే వెళ్ళి "అమ్మా, సోడా తాగు" అని ఇచ్చాడు, ముందే, సిగ్గు లేకుండా. ఆమె ముఖం ఎర్రబడింది. "ఇంకా కాలేదుగా" అంది ఇంగ్లీషులో. కనీసం ఆ ఇంగితమన్నా ఉంది.

అరిటాకుల్లో ఆవిరి పట్టిన కాయ ముద్ద, వేరుశనగ పులుసు, మాంసం నేనే చేశాను. తిన్నాక లేచొచ్చి నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "వెబాలే కుఫుంబా" అంది. వండినందుకు థాంక్స్. వంట చేసినవాళ్ళకి ఆ మాట చెప్పకుండా ఈ దేశంలో ఎవరూ పళ్ళెం ముందునుంచి లేవరు. నేను దానికి నేర్పని మాట.

పిన్ని వైపు చూశాను. పిన్ని ఎముకలో మూలుగ పీలుస్తూ ఎటో చూస్తోంది.

చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాను. వెనక లారెన్స్ అనడం వినిపించింది, "పట్టించుకోకు. మా అక్క రాళ్ళు తిని అరిగించుకుంటుంది, థాంక్స్ మాత్రం అరగదు."

డిసెంబర్ 26

పిన్నితో తేల్చి చెప్పాను, ఇద్దరు టీచర్లుంటే విద్యార్థి గందరగోళపడుతుందని.

"గందరగోళం ఆ పిల్లకా, నీకా?"

"పిన్నీ!"

"సరేనమ్మా, సరే. ఇంక నేను నోరు విప్పను. నీ బడి, నీ బెత్తం."

"నువ్వయితే ఎంత బావుంటుంది పిన్నీ ఆ చాప మీద" అన్నాను.

ఆవిడ నా వైపు తిరిగింది. "అదా సంగతి!" అంది. ఏం అర్థం చేసుకుందో. నేనన్న దాంట్లో తప్పేముంది?

జనవరి 2

క్లాసులో బల్లి తోక పాఠం చెబుతాను ఏటా. తెగిన తోక మళ్ళీ మొలుస్తుంది, కానీ అందులో ఎముక ఉండదు, మెత్తటి కాడ ఉంటుంది, రంగూ కాస్త తేడాగా ఉంటుంది. పోయినేడాది ఒక పిల్ల లేచి, "టీచర్, ఆ తేడా బల్లికి తెలుస్తుందా?" అని అడిగింది. తెలీదన్నాను. పుస్తకంలో లేదు, నేనే అన్నాను. బల్లి నడవాలి కదా, నడవడానికి ఏదో ఒక తోక కావాలి.

ఆ పిల్లకి తప్పు చెప్పానేమో. తెలుస్తుందేమో. తెలిసీ నడుస్తుందేమో.

మనిషి పోతే ఆ చోటు ఖాళీగా ఎందుకు ఉండకూడదు? ఎవరికి భయం ఖాళీ అంటే? ఊరందరి అమ్మలూ ఇలాగే మళ్ళీ మళ్ళీ కూర్చుంటూ వచ్చారు. అమ్మే తన మేనత్త స్థానంలో కూర్చుంది. జుట్టు నెరిసిన ముసలాయన ఒకాయన వచ్చి నలభై నిండని మా అమ్మ ముందు మోకరిల్లి "అమ్మా" అనేవాడు. చిన్నప్పుడు నాకు నవ్వొచ్చేది. అమ్మ నవ్వేది కాదు. అన్నం తిన్నావా అని అడిగేది ఆయన్ని, గట్టిగా, దబాయించి.

ఆయనకేమనిపించేదో ఎప్పుడూ ఆలోచించలేదు.

జనవరి 5, ఆదివారం

పూజ నుంచి వచ్చాక మామయ్య పరీక్ష పెట్టాడు. కుర్చీలో కూర్చుని, "ఏదీ, పలకరించు" అన్నాడు. ఆమె దిగి, మోకాళ్ళు ఆనించి, కళ్ళు దించి, తడబడకుండా అడిగింది, రాత్రి ఎలా పడుకున్నారు నాన్నా అని. ఆయన బదులిచ్చాడు. ఆయన బదులు అందరికీ ఇచ్చేలాంటిదే, నోట్లోనే నమిలేసి, ఎవరికీ వినబడకుండా. కిందున్న పిల్లకి అందులోంచి నేర్చుకోవడానికి ఏమీ దొరకదు.

తర్వాత ఆయన చెయ్యి ఆమె తల మీద పెట్టాడు. తీయడం మర్చిపోయినట్టు అలాగే ఉంచాడు. "వెబాలే" అన్నాడు, "వెబాలే, నా తల్లీ." ఆమె భుజాలు కదులుతున్నాయి.

"టీచరమ్మా, నీ బాకీ ఎలా తీర్చుకోను! అయిపోయినట్టే ఇంక. సిద్ధంగా ఉంది" అన్నాడు నాతో.

సిద్ధంగా లేదు. కింద నుంచి మాత్రమే పరీక్ష పెట్టాడు. పై నుంచి పెట్టలేడు, తండ్రి కూతురి ముందు మోకరిల్లడు కదా. చాప మీద కూర్చున్నాక గానీ ఎవరికీ తెలీదు.

నోటిదాకా వచ్చింది చెబుదామని. ఇంకా ఆరు రోజులుందిలే, రేపు నేర్పుదాం అనుకున్నాను.

వాళ్ళిద్దర్నీ చూస్తే నాకేం అనిపించలేదు.

జనవరి 6

తలనొప్పి. పాఠం లేదు.

జనవరి 7

పందిరి పనులు. పాఠం లేదు.

జనవరి 8

నాకేం అనిపించలేదు.

జనవరి 10, శుక్రవారం

ఇంటి నిండా జనం. అరటి గెలలు గోడ ఎత్తున పడ్డాయి. మధ్యాహ్నం నుంచీ ఆడవాళ్ళందరం వెనకవైపు కూర్చుని కాయలు ఒలుస్తున్నాం. ఆ పిల్ల కూడా. నల్లగా జిగురంటిన వేళ్ళతో, పక్కనున్న ఆవిడ కంటే వేగంగా. ఎవరో ఏదో అడిగారు, పేరు చెప్పింది. ఇంకేదో అడిగారు, నా వైపు చూసింది. నేను గెల మీదికి వంగాను.

పిన్ని నన్ను ఆకులు కోయడానికని తోటలోకి తీసుకెళ్ళింది. ఆకులు కోయలేదు. నరికిన బోదె మీద కూలబడింది, కాళ్ళు చాపుకుని.

"దానికి బదులు చెప్పడం నేర్పలేదు కదూ?"

"ఏ బదులు?"

"నా దగ్గర టీచరు వేషాలెయ్యకు. నిన్న నేనే సరదాగా దాని ముందు మోకరిల్లి అడిగా. బిత్తరపోయి అదీ మోకరిల్లింది. ఇద్దరం ఎదురెదురుగా మోకాళ్ళ మీద, రెండు మేకల్లా. నవ్వొచ్చింది ముందు. తర్వాత నీ మొహం గుర్తొచ్చింది."

నేను కత్తి ఇంకో చేతికి మార్చుకున్నాను.

"రేపు అది నోరు తెరవలేకపోతే అన్నయ్య నన్ను కూర్చోబెడతాడు. అదేగా నీక్కావాల్సింది?"

"తప్పా? నువ్వు అమ్మ చెల్లెలివి. నువ్వు..."

"అసుంప్తా, నాకు డెబ్భై రెండు. అక్క ఉండగానే రెండుసార్లు గుండెకి సూది పొడిపించుకొచ్చాను. మీ అమ్మకి తెలుసు. గొరెట్టిని పెడితే రెండేళ్ళలో నా పిల్ల మళ్ళీ తల్లిని పూడ్చుకోవాలి అంది. అది గట్టిగా కనబడుతుంది గానీ రెండోసారి తట్టుకోలేదు, చిన్నదాన్ని కూర్చోబెట్టండి, దాని కంటే ముందు పోకుండా ఉండేదాన్ని, అంది. నువ్వు మందులకని బయటికెళ్ళావు అప్పుడు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఒప్పుకునేదానివా? వాదించేదానివి. చచ్చేవాళ్ళతో కూడా వాదిస్తావు నువ్వు."

కోపమొచ్చింది. పిన్ని మీద కాదు, అమ్మ మీద. ఎప్పుడూ ఇంతే ఆవిడ. నేను ఏ కాలేజీలో చదవాలో ఆవిడే తేల్చింది, ఎవర్ని చేసుకోకూడదో ఆవిడే తేల్చింది. ఇప్పుడు నేను ఎన్నిసార్లు ఏడవాలో కూడా లెక్క కట్టి పెట్టి పోయింది. నన్నడిగిందా? ఒక్క మాటైనా?

పిన్ని లేవలేకపోతే చెయ్యిచ్చి లేపాను. చాలా బరువుగా ఉంది. చాలా తేలిగ్గా కూడా.

ఇప్పటికైనా వెళ్ళి నేర్పొచ్చు. రెండు వాక్యాలు. ఆమె పెరట్లోనే ఉంది, ఇక్కడికి గొంతు వినబడుతోంది. పందిట్లో డప్పులు సరిచూస్తున్నారు.

వెళ్ళలేదు.

జనవరి 12, ఆదివారం, కంపాలా

నిన్నటిది నిన్న రాయలేదు. ఇవాళ రాస్తున్నాను, నా గదిలో, తలుపేసుకుని.

తెల్లవారగానే గడప ముందు చాప వేసి, దాని మీద చెట్టుబెరడు బట్ట పరిచారు. ఆమెకి అమ్మ పండగలకి వేసుకునే గౌను, గోమెసి, కట్టారు, ఆ ఊదా రంగుది, భుజాల దగ్గర నిలబడి ఉండేది. పొడవు సరిపోలేదు, చీలమండలు కనబడుతున్నాయి. పైన ఇంకో బెరడు బట్ట కప్పారు. చేతికి బుట్ట, కాయలు ఒలిచే కత్తి ఇచ్చారు. మామయ్య కర్ర నేలకి తాటించి, అమ్మ పేరు పెట్టి, గోత్రం పెద్దలందరికీ వినబడేలా అన్నాడు.

"ఇదిగో లియోకాడియా. లియోకాడియా ఎక్కడికీ పోలేదు. లియోకాడియా పిల్లలెవరో రండి, అమ్మని పలకరించండి."

పెద్దదాన్ని నేనే. నేను ముందు వెళ్ళాలి. వెళ్ళాను. చాప దాకా వెళ్ళాను. అక్కడ నిలబడ్డాను.

నిలబడాలని నేననుకోలేదు. అది మాత్రం నిజం. మోకాళ్ళు వంగలేదు, అంతే. నా వెనక లారెన్స్ నిలబడ్డాడు. "అక్కా!" అన్నాడు మెల్లగా. మామయ్య కర్ర ఆగిపోయింది. పందిట్లో గుసగుసలు మొదలై ఆగాయి. మగవాళ్ళ వైపు నుంచి ఎవరో అన్నారు, "టీచరమ్మకి చాక్‌పీసు ముట్టుకుని మోకాళ్ళు కూడా తెల్లబడి వంగనంటున్నాయా ఏంటి!" నవ్వులు.

ఆమె తలెత్తింది. నేను నెలంతా దించుకోమన్న కళ్ళు. భయం కనబడింది వాటిలో. పిల్లలు బోర్డు దగ్గరికి పిలిచినప్పుడు చూసే చూపు. నేను నేర్పిన మాటలన్నీ ఆ కళ్ళ వెనక వెతుక్కుంటోంది, నాకు తెలుస్తోంది. ఈ ఘడియకి పనికొచ్చేది ఒక్కటీ లేదు. లేకుండా చేసింది నేనే.

అప్పుడంది.

"తూలా."

కూర్చో. అంతే. మెల్లగా కూడా కాదు.

నేను కదల్లేదు. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి.

"ఏం చూస్తున్నావు, కాళ్ళు లేవా? యాంగువా! జనం ఆకలి మీద ఉన్నారు."

మా భాషలో. ఒక్క తడబాటు లేదు. చివర గొంతు పైకి లేపి విరిచినట్టు ఆపడం కూడా, నేను రోజూ ఆమె మీద విరిచినట్టే. అది నా గొంతు అనుకున్నాను ముందు. పందిట్లో వెనక నుంచి ఒక ముసలావిడ కేక పెట్టింది.

"లియోకాడియా! ఓయమ్మో, లియోకాడియా! అదే నోరు!"

"అచ్చం అదే తిట్టు!" అని ఇంకెవరో. "నన్ను బావి దగ్గర ఇలాగే తిట్టింది, నీళ్ళు ఒలికాయని!"

జనం తొడలు చరుచుకుంటూ నవ్వుతున్నారు, కొందరు నవ్వుతూనే ఏడుస్తున్నారు. ఆడవాళ్ళు నాలుక మడిచి కేకలు పెడుతున్నారు. మామయ్య మొహం అటు తిప్పుకుని ముక్కు చీదాడు. ఆమెకి ఏం జరిగిందో అర్థం కాలేదు. ఏదో తప్పన్నాననుకుని పెదవి కొరుక్కుంది.

నా గొంతు కాదు అది. నాకంటూ వేరే గొంతు ఎప్పుడైనా ఉండేదా? నెలంతా ఆ పిల్ల మీద అరుస్తున్నది నేననుకున్నాను. లేతా, గెండా, యాంగువా, కాళ్ళు లేవా. నలభై ఏళ్ళు అమ్మ నోట ఆ మాటలు విన్నది నేనేగా. ఆమె మీద కక్షతో అంటున్నాననుకుంటూనే ఒక్కొక్కటీ తీసి ఇచ్చేశాను, మిగుల్చుకోకుండా. ప్రేమగా నేర్పి ఉంటే ఇంత బాగా వచ్చి ఉండేవి కావు.

మోకాళ్ళు వంగాయి. నేను వంచానని చెప్పను.

"వసూజె ఒత్యా, అమ్మా" అన్నాను.

నవ్వులు ఆగాయి. అందరూ బదులు కోసం చూస్తున్నారు. ఆమె నోరు తెరిచింది, మూసింది. తిట్లయిపోయాయి, ఇంక దగ్గర ఏమీ లేదు. మామయ్య ఇటు తిరిగాడు. చాప చివర పిన్ని నన్నే చూస్తోంది, ఆమెని కాదు.

ఇక్కడ ఊరుకుంటే చాలు. నేనేమీ చెయ్యక్కర్లేదు. తల వంచుకుని, మర్యాదగా, ఊరుకుంటే చాలు. పిన్ని చాప మీదికి వస్తుంది. రెండేళ్ళు. మూడేళ్ళు.

తల ఇంకా కిందికి వంచాను, నుదురు దాదాపు చాపకి తగిలేలా. చాప అల్లికలోకి అన్నాను, ఆమెకి మాత్రమే వినబడేలా, "బాగానే పడుకున్నాను తల్లీ. నువ్వెలా పడుకున్నావు?"

తర్వాత పైనుంచి వచ్చింది, ముక్కలు ముక్కలుగా, చీకట్లో తడుముతూ నడిచినట్టు. "బాగానే... పడుకున్నాను, తల్లీ. నువ్వెలా పడుకున్నావు?"

దానికి అందరూ చెప్పే జవాబు ఒక్కటే, బాగానే అని. నేను, "పడుకోలేదు" అన్నాను. పది నెలల నుంచీ అని కూడా అన్నానేమో. గుర్తు లేదు.

ఆ మాట ఆమెకి తెలీదు, నేను నేర్పలేదు. అయినా గొంతులో "మ్మ్" అంది, దీర్ఘంగా, విన్నాను అన్నట్టు.

లారెన్స్ నా పక్కన దబ్బుమని కూలబడి వసూజె ఒత్యా అమ్మా అని అరిచాడు. డప్పులు మొదలయ్యాయి. తర్వాత తిండి, తాగుడు, ఆట. పిన్ని ఒకసారి నా పక్కనుంచి వెళుతూ వీపు మీద చిన్నగా చరిచింది. నేను పట్టించుకోలేదు. మామయ్య పరువు పోతుందని చెప్పాను, అంతకంటే ఏమీ లేదు. పెద్దాయన ఆ వయసులో తట్టుకోలేడు.

పొద్దున్నే బయల్దేరాను. అందరూ పడుకునే ఉన్నారు, ఎవరికీ చెప్పకుండా పోదామనే. బడి తెరవడానికి ఇంకా చాలా రోజులుంది, కానీ పనులున్నాయి. రోడ్డు మీదికొచ్చి మసాకా నుంచి కంపాలా పోయే వ్యాన్ ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. కండక్టర్ ఇంకో ఇద్దరు ఎక్కితే గానీ కదలమన్నాడు.

తోటలోంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. అమ్మ గోమెసి మీద తన స్వెట్టరు, కాళ్ళకి చెప్పుల్లేవు, పిక్కల దాకా మట్టి. కిటికీ పట్టుకుంది. రొప్పుతోంది. ఇంగ్లీషులో ఏదో మొదలెట్టి ఆపేసింది. పెదవులు కదిపి వెతుక్కుంది. తర్వాత మా భాషలో అడిగింది.

"మళ్ళీ ఎప్పుడొస్తావు?"

నేను నేర్పలేదు ఆ మాట. పిన్ని నేర్పిందో, లారెన్స్ నేర్పాడో, పెళ్ళాంతో ఫోన్లో వాడు మాట్లాడుతుంటే విని పట్టుకుందో. ఎవరు నేర్పారని గద్దించి అడుగుదామనుకున్నాను. మార్చి నుంచి ఆ మాట నన్నెవరూ అడగలేదు. ఎక్కడికి వెళుతున్నావంటారు, ఎప్పుడెళుతున్నావంటారు. మళ్ళీ ఎప్పుడొస్తావని అడగడానికి ఒక ఇల్లుండాలి కదా, అడిగేవాళ్ళకి.

"తెలీదు" అన్నాను.

కిటికీ వదల్లేదు. "ఎప్పుడు?" అంది మళ్ళీ, దబాయించి.

కండక్టర్ తలుపు చరిచాడు. "అమ్మగారూ, మీ అమ్మాయిని చెయ్యి తియ్యమనండి, బండి కదలాలి!"

"మా అమ్మాయి కాదు" అన్నాను. ఆ పైన ఇంకేం చెప్పాలో తెలియలేదు.

బండి కదిలింది. ఆమె పక్కనే నాలుగడుగులు నడిచింది, మట్టిలో జారుతూ.

"ఈస్టర్‌కి" అన్నాను. వినబడి ఉండదని తల బయటికి పెట్టి మళ్ళీ అరిచాను, "ఈస్టర్‌కి వస్తా! లోపలికి పో, కాళ్ళకి చెప్పుల్లేకుండా ఏంటది!"

ఎందుకు చెప్పానో అర్థం కావడం లేదు. చెప్పకుండా ఉండాల్సింది. ఇప్పుడు వెళ్ళకపోతే ఎదురుచూస్తుంది.